ఎండ తినని నిమ్మచెట్టు

మా అత్త రైతు. ఈ మాట మీద ఎవరైనా నవ్వితే ఆ పూటకు వాళ్ళకు మా ఇంట్లో కాఫీ దొరకదు. మాది రాయచెర్లు, పావగడ తాలూకా; ఇళ్ళల్లో తెలుగు, బడిలో, ఆఫీసు కాగితాల్లో కన్నడం. ఊరి చుట్టుపక్కల పొలాలన్నీ సోలారుకు లీజుకు పోయినప్పుడు మా నాలుగెకరాలూ పోయాయి. వేరుశెనగ వేసిన నేలలో ఇప్పుడు పలకలు వరుసలు కట్టి ఎండ కాచుకుంటున్నాయి. మాకు మిగిలింది ఇంటి వెనక, కంచెకు ఇవతల, నాలుగు మంచాలు వేస్తే నిండిపోయే జాగా, ఆ జాగాలో ఒక నిమ్మచెట్టు. ఎన్నో ఏళ్ళ కిందట మంగళవాడలో చెల్లెలి ఇంటి నుంచి చిన్న మొక్కగా తెచ్చి అత్త తన చేత్తో నాటుకున్నది.

ఒకసారి పంచాయితీ తరఫున సర్వేకు ఒకాయన వచ్చాడు. ఏం పని చేస్తావమ్మా అని అడిగాడు.

"సేద్యం," అంది అత్త.

"ఎన్ని ఎకరాలు?"

"ఒగ చెట్టు."

ఆయన నవ్వాడు. అత్త ఆయన్ను లేపి, ఇంటి వెనక్కు తీసుకుపోయి, చెట్టు ముందు నిలబెట్టి, వృత్తి అన్న గడిలో వ్యవసాయం అని రాసేదాకా కదలనివ్వలేదు. ఆయన పోయాక నాతో అంది, "ఈ చెట్టు ఉన్నంతకాలం నేను రైతును. ఇది పోయిన దినం నేను ఉత్త ముసల్దాన్ని. ఆ పొద్దు నుంచి నన్ను ఒగ మూల కూచోబెట్టి కూడు పెట్టండి." ఆమె సరదాకు అనలేదు. పొలం పోయాక ఆమె చేతులకు మిగిలిన పని ఆ చెట్టు ఒక్కటే.

ఇంతకీ నేను ఆ ఇంటి కోడల్ని. పావగడ కాలేజీలో కెమిస్ట్రీతో బీఎస్సీ చదివాను. కంచె లోపల సైటు ఆఫీసులో కూర్చొని ఏ బ్లాకులో ఎంత కరెంటు పుట్టిందో కంప్యూటరులోకి ఎక్కిస్తాను. మా ఆయన అదే సైటులో ట్రాక్టరుతో పలకలు కడుగుతాడు. నేను చదువుకున్నదాన్నన్న సంగతి మీరు మరిచిపోకండి, ఎందుకంటే ఇందులో అందరికంటే బుద్ధితక్కువ పని చేసింది నేనే.

రెండేళ్ళ కిందట చెట్టు పాలిపోవడం మొదలైంది. ముందు ఆకుల ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపెక్కింది. తర్వాత కొత్త ఆకులు పుట్టడమే చిన్నగా, బిరుసుగా పుట్టాయి. పూత వచ్చి రాలిపోయింది. అత్త నీళ్ళు పోసింది, పేడ ఎరువు వేసింది, వేపపిండి వేసింది, తిట్టింది, బతిమాలింది. చెట్టు దేనికీ లొంగలేదు. చివరికి అత్త తల ఎత్తి కంచె అవతలికి చూసింది.

మర్నాడు ఆఫీసులో ఉండగా గేటు దగ్గరి సెక్యూరిటీ అతను ఫోన్ చేశాడు. "మేడమ్, ఒగ పెద్దామె అర్జీ ఇయ్యాలని వచ్చినాది. కూచోమంటే కూచోదు." పోయి చూస్తే మా అత్త. గంట కిందట నాకు డబ్బాలో అన్నం పెట్టి పంపించిన మనిషి, ఇప్పుడు పండగ చీర కట్టుకొని కాగితం పట్టుకొని నిలబడి ఉంది.

"ఏందత్తా ఇది?" అన్నాను.

"ఆఫీసులో అత్తేంది, కోడలేంది. అర్జీ తీసుకోని సీలు ఎయ్యి, మేడమ్."

ఎవరితోనో కన్నడంలో శుభ్రంగా రాయించింది. మీ పలకలు వచ్చినప్పటి నుంచి మా దిక్కు ఎండనంతా గుంజుకుంటున్నాయి, మా నిమ్మచెట్టు వంతు ఎండను మా నిమ్మచెట్టుకు వదలవలసిందిగా కోరుతున్నాను, అని దాని సారాంశం. నేను సీలు వేశాను. అందిందని సంతకం పెట్టి ఇచ్చాను. ఆమె దాన్ని చదవలేకపోయినా రెండుసార్లు తిప్పి చూసుకొని కొంగున కట్టుకుంది.

మా సైటు ఇంజనీరు దూరపు జిల్లా నుంచి వచ్చినవాడు. ఏ కాగితం వచ్చినా దానికి జవాబు కాగితం పోకపోతే ఆయనకు అన్నం సహించదు. బాగా ఆలోచించి జవాబు చెప్పాడు, నేనే టైపు చేశాను: కంచె లోపల పడే ఎండ మాత్రమే కంపెనీ వాడుకుంటోంది, కంచె బయట పడే ఎండకు, పడని ఎండకు కంపెనీకి ఏ సంబంధమూ లేదు. ఆ కవరు నేనే బ్యాగులో వేసుకొని ఇంటికి తెచ్చి, నేనే చదివి వినిపించాను.

"సూర్యుడు కంచె యాడుండాదో చూసుకోని పడతాడని చెప్తాండాడా ఆయప్ప?" అంది అత్త.

ఈ మాట నేను పోయి ఇంజనీరుకు చెప్పాను. ఆయన రోషగాడు. ఎండను కొలిచే మీటరు పట్టుకొని మిట్టమధ్యాహ్నం మా ఇంటి వెనక్కు వచ్చాడు. చెట్టు పక్కన ఒకసారి, కంచె లోపల పలక పక్కన ఒకసారి కొలిచి చూపించాడు. రెండు చోట్లా అంకె ఒకటే. అత్త మీటరును కాదు, సూర్యుణ్ణి చూసింది.

"ఆఫీసరు వచ్చినాడని ఈ పొద్దు పూర్తిగా కాసినాడు. ఇన్‌స్పెక్టరొస్తే బడి పిల్లోళ్ళు చేతులు కట్టుకోని కూచోరా, అట్ల," అంది.

ఇంజనీరు పాపం మూడు రోజులు వరసగా, చెప్పకుండా వచ్చి కొలిచాడు. ఒకరోజు గోడ చాటు నుంచి కూడా కొలిచాడు. అంకె మారలేదు. మూడో రోజు అత్త ఒప్పుకుంది, ఆయనకు కాఫీ కూడా ఇచ్చింది. ఎండకు లోటు లేదని తేలింది, మరి చెట్టుకేమొచ్చింది?

ఇక్కడ నేను నోరు ఊరుకోక చదువు చూపించాను. బడిలో ద్యుతి సంశ్లేషణె అని కన్నడంలో బట్టీ పట్టిన పాఠాన్ని, మీ తెలుగు బడుల్లో కిరణజన్య సంయోగక్రియ అంటారట, అత్తకు అర్థమయ్యేలా చెప్పాను. ఆకు కూడా సోలారు పలక లాంటిదే అత్తా, పలక ఎండను పట్టి కరెంటు చేస్తుంది, ఆకు ఎండను పట్టి చెట్టుకు అన్నం చేస్తుంది, ఎండ నిండుగా ఉన్నా ఇది ఆ పని చేయడం లేదు, అన్నాను. అత్త శ్రద్ధగా వింది.

"అంటే ముందర కూడు పెట్టినా తినకుండా మూతి తిప్పుకునే బిడ్డ మాదిరి," అంది.

"అట్లే," అన్నాను.

ఆ అట్లే అన్న మాటను వెనక్కి తీసుకునే వరం ఇప్పుడు ఎవరైనా ఇస్తానంటే తీసుకుంటాను. ఎందుకంటే బిడ్డ అన్నం తినకపోతే ఏమంటారో మా వైపు చంటిపిల్లలకు కూడా తెలుసు. దిష్టి అంటారు.

అత్తకు దారి దొరికింది. నేను పావగడ పోయే ప్రతిసారీ పటిక తెమ్మనేది. పటిక ముక్కను మూడుసార్లు చుట్టూ తిప్పి దిష్టి తీయడం మా ఇంట్లో ముందు నుంచీ ఉన్నదే. పిల్లలకు, ఆవుకు, బండికి, ట్రాక్టరుకు, అందరికీ తీసేది. ఇప్పుడు చెట్టుకు కూడా మొదలుపెట్టింది. మంగళవారం, ఆదివారం, అమావాస్య, కొత్త మనుషులు ఎవరైనా చెట్టువైపు చూసిన రోజు. నాకేం, ఆమె తృప్తి ఆమెది అనుకొని కిలోల లెక్కన మోశాను. బజారులో షాపతను ఒకసారి అడగనే అడిగాడు, "ఏమ్మా, ఇంత పటిక తీసుకపోతాండావు, కటింగ్ షాపు గాని పెట్టినారా?" తీసిన పటిక ఎక్కడికి పోతోందని మాత్రం నేను ఏనాడూ అడగలేదు.

చెట్టు ఇంకా పాలిపోయింది. అత్త ఇంకా తీసింది.

ఒక మధ్యాహ్నం డబ్బా అన్నం తింటూ నిమ్మ ఆకులు పసుపెక్కడం గురించి ఫోన్‌లో వెతికితే ఒక వ్యాసం దొరికింది. నిమ్మజాతి చెట్ల వేళ్ళకు అల్యూమినియం ఎక్కువగా తగిలితే వేళ్ళ కొసలు మొద్దుబారతాయట. ఆకుకు అందవలసిన సారం అందదు, ఆకులోని పచ్చదనం తగ్గిపోతుంది, ఎండ ఎంత పడినా ఆకు దాన్ని వాడుకోలేదు. డబ్బా పక్కన పెట్టేశాను. తలెత్తి కిటికీలోంచి చూశాను. కనుచూపు మేర పలకలు, ప్రతి పలక చుట్టూ అల్యూమినియం చట్రం.

నిజం చెబుతున్నాను, నాకు భయం వేయలేదు, సంతోషం వేసింది. దొంగను పట్టుకున్నాననుకున్నాను. సాయంత్రం ఇంటికొచ్చి చెబితే అత్త ముఖం వెలిగిపోయింది. "నేను చెప్పల్యా, ఆ పలకలదే పనని," అంది. వారం తిరగకుండా సంగతి ఊరంతా పాకింది. పక్క ఊరు తిరుమణిలో ఎవరిదో కరివేపాకు చెట్టు ఎండిపోతే దానికీ అల్యూమినియమే అన్నారు. మా పక్కింటావిడ కోడి గుడ్లు పెట్టడం మానేస్తే దానికీ అదే. పెళ్ళి కుదరని ఒకాయన కూడా కంచె దగ్గర నిలబడి చట్రాలను అనుమానంగా చూసి పోయాడు.

మా ఆయన మాత్రం, "నేను పలకలు కడిగిన నీళ్ళు మనింటి దిక్కు రావు. నేల వాలు ఆ పక్కకుండాది. వచ్చేటట్లుంటే బిందెలు మోసే పని మీకెందుకు?" అన్నాడు. నువ్వు కంపెనీ మనిషివి అని నేను ఆయన నోరు మూయించాను. నేనూ ఆ కంపెనీ జీతమే తింటున్నానని ఆ క్షణంలో గుర్తు రాలేదు.

అత్త రెండో అర్జీ ఇచ్చింది. దానికీ సీలు వేశాను. ఇంజనీరు చట్రం ముక్క ఒకటి తెచ్చి, దీనికి పూత ఉంటుందమ్మా, ఇది కరగదు అని గోరుతో గీకి చూపించాడు. తర్వాత దండం పెట్టినంత పని చేసి, "దయచేసి ఒకసారి మన్ను పరీక్ష చేయించండి," అన్నాడు.

చెట్టు కింద మన్ను గుప్పెడు మూట కట్టి పావగడ రైతు సంపర్క కేంద్రంలో ఇచ్చి వచ్చాను. కొన్ని వారాలకు అక్కడి అధికారి రమ్మని కబురు పెట్టాడు. పోతే ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"ఈ మన్ను యాడిది?"

"మా చెట్టు కిందది సార్. రాయచెర్లు."

"కాదు. మన తాలూకా ఎర్రమన్ను ఇంత పుల్లగా ఉండదు. ఇంత పులుపు మలెనాడులో ఉంటాది, వానలు పడే కాఫీ తోటల్లో. మలెనాడు మన్ను లారీలో తెప్పించినారా ఏంది?"

మా అత్త తుమకూరు దాటి ఎరగదు సార్ అని చెప్పినా ఆయన నమ్మలేదు. కాఫీ గింజలు ఏమైనా నాటారా అని కూడా అడిగాడు. చివరికి పలకల చట్రాల మీద మా అనుమానం చెబితే, కొంచెం మెత్తబడి విడమర్చి చెప్పాడు. ఏ మన్నులోనైనా అల్యూమినియం ఉంటుంది, కానీ గట్టిగా అంటుకొని ఊరికే పడి ఉంటుంది. మన్ను బాగా పులిస్తే అది కరిగి వేళ్ళకు తగులుతుంది. "ఫ్రేములు కాదు, ఏమీ కాదు. పులుపు యాడ నుంచి వచ్చినాదో చూసుకోండి. చెట్టుకు ఏందో పోస్తాండారు మీరు," అన్నాడు.

ఆదివారం పొద్దున అత్త పక్కింటికి పోయినప్పుడు నేనూ మా ఆయనా చెట్టు పాదు తవ్వాం. జానెడు లోతు కూడా పోలేదు, చేతికి తెల్లగా ఒక గడ్డ తగిలింది. అంచులు కరిగి నున్నగా, కలకండ గడ్డలా ఉంది. దాని పక్కనే ఇంకొకటి. చెట్టు చుట్టూ అవే. వాటి మధ్య వేళ్ళు సన్నగా పాకవలసింది పోయి పొట్టిగా, లావుగా, గోధుమరంగుకు తిరిగి ఉన్నాయి.

దిష్టి తీసిన వస్తువును ఎవరూ తొక్కకూడదు. తొక్కితే ఆ దిష్టి తొక్కినవాళ్ళకు తగులుకుంటుంది. ఇదివరకు అత్త దాన్ని మా పొలం మూల పారేసేది. పొలం కంచె లోపలికి పోయింది. దారి మీద పారేద్దామంటే బైకులు, ఆటోలు, మనుషులు. ఊరి వాళ్ళ కాలికి తన ఇంటి దిష్టి అంటకూడదని, ముళ్ళకు భయపడి ఎవరూ అడుగు పెట్టని చోటు చూసి, ఆ నిమ్మచెట్టు పాదులో పూడ్చింది. పిల్లల దిష్టి, ఆవు దిష్టి, ట్రాక్టరు దిష్టి, చెట్టు దిష్టి, అన్నీ అక్కడే. పైన రోజూ బిందెడు నీళ్ళు.

నేను ఆ గడ్డ పట్టుకొని మట్టిలో చతికిలబడ్డాను. పటిక అంటే పొటాషియం, అల్యూమినియం, రెండింటి సల్ఫేటు, దాంట్లో ఇరవై నాలుగు నీటి అణువులు. పరీక్షలో తప్పు లేకుండా రాసిన సూత్రం. కరిగితే పులుపు, ఆ పులుపుతో పాటే అల్యూమినియం. చదవేస్తే ఉన్న మతి పోయిందని సామెత, నా విషయంలో చదవేసింది పావగడ డిగ్రీ కాలేజీ. చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతికాను, పైగా ఆ పిల్లను కిలోల లెక్కన కొని తెచ్చింది నేనే.

"అమ్మకు చెప్పొద్దు," అన్నాడు మా ఆయన. "తన చెయ్యే దాన్ని చంపుతాండాదంటే ఆమె తట్టుకోదు."

నాకూ చెప్పే ధైర్యం లేదు. అలాగని చెప్పకపోతే వచ్చే మంగళవారం మళ్ళీ పటిక పడుతుంది. గడ్డలు దొరికినన్ని ఏరేశాను. ఆపైన నేను వేసిన ఎత్తు వింటే మీరు నా డిగ్రీ వెనక్కి తీసుకోమంటారు. పటిక బదులు కలకండ తెచ్చి అత్తకు ఇచ్చాను. చూడ్డానికి రెండూ ఒకటే, కళ్ళజోడు లేకపోతే ఎవరూ తేడా కనుక్కోలేరు. ఆమె భక్తిగా చెట్టు చుట్టూ కలకండ తిప్పి, పాదులో పూడ్చింది.

రెండో రోజుకు చీమలు వచ్చాయి. ఒకటీ రెండూ కాదు, కంచె అవతల నుంచి బారులు తీరి వచ్చాయి. అత్త పాదు గెలికి చూసి, తెల్లబోయి నా దగ్గరికి వచ్చింది.

"ఏమ్మే, పటికకు చీమలు పట్టినాయి. నా పుట్టుకలో చూడల్యా. ఎంత పాడు దిష్టి అయితే పటిక తియ్యగైతాది? ఈసారి రెండింతలు తేవాల."

ఇంక దాచలేకపోయాను. ఆమెను గడప మీద కూర్చోబెట్టి అంతా చెప్పాను. పటికలో ఏముందో, మన్ను ఎందుకు పులిసిందో, వేళ్ళు ఎట్లా మొద్దుబారాయో, ఆకు ఎండను ఎందుకు తినలేకపోతోందో, చీమలు ఎందుకు వచ్చాయో. తప్పు నాది అత్తా, తెలిసిన చదువు పెట్టుకొని తెచ్చి ఇచ్చింది నేను, అన్నాను. ఏడుపు కూడా వచ్చింది నాకు.

"పూడ్చింది నేను," అంది అత్త.

తర్వాత మెల్లగా అడిగింది. "అయితే బయటోళ్ళ దిష్టి ఏమీ ల్యా?"

"లేదత్తా."

"ఇంటి దిష్టే." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పొలం ఉన్నప్పుడు నా కన్ను నాలుగెకరాల మీద పారేది. అది పోయినాక ఆ కన్నంతా తెచ్చి ఒగ చెట్టు మీద పెట్టినా. లేస్తే దాన్నే చూస్తిని, పండుకునేటప్పుడు దాన్నే చూస్తిని. చూసేకి నాకు ఇంకేముండాది చెప్పు? నరుడి కంటికి నల్లరాయి పగులుతాదంటారు. కన్నతల్లి దిష్టి అన్నిటికన్నా చెడ్డది. నిమ్మచెట్టెంత?"

పటిక అత్తా, కన్ను కాదు, అని నేను రెండుసార్లు అన్నాను. ఆమె తల ఊపింది, నేను చెప్పింది విననట్టే ఊపింది.

ఆ రోజు నుంచి ఇంట్లో దిష్టి తీయడం లేదు. అధికారి చెప్పినట్టు పాదులో పాత మన్ను తీసి కొత్త ఎర్రమన్ను నింపి, సున్నం కలిపాం. ఆ పనంతా అత్తే చేసింది, తల పక్కకు తిప్పుకొని చేసింది. ఆ తర్వాత ఆమె చెట్టును చూడలేదు. నీళ్ళు పోసేటప్పుడు కూడా కంచెవైపు ముఖం పెట్టి, వెనక్కి చెయ్యి చాపి పోస్తుంది. సగం చెట్టుకు, సగం తన కాళ్ళకు. చూడకుండా సేద్యం చేసే రైతును ఈ తాలూకాలో మీరు ఇంకొకరిని చూపించలేరు. పొద్దున, సాయంత్రం చెట్టును చూసి రావడం నా పని అయింది. ఏ కొమ్మ ఎండింది, ఏ కొమ్మ బతికింది, కొనల్లో ఏమైనా కదులుతోందా, అన్నీ ఆమెకు వచ్చి చెప్పాలి. మొదట్లో విసుక్కుంటూ పోయేదాన్ని. తర్వాత తర్వాత ఆఫీసులో కూర్చున్నా నా ధ్యాస అక్కడే ఉండేది.

వానలు పడ్డాక ఒక పొద్దున కొమ్మ కొసన చిగురు కనిపించింది. నాలుగు ఆకులు, నిండు పచ్చ, ఎక్కడా పసుపు మచ్చ లేదు. నాకు కాళ్ళు నేల మీద ఆగలేదు. అత్త బిందెతో కంచెవైపు తిరిగి నిలబడి ఉంది.

"ఒగసారి తిరిగి చూడత్తా. చిగురేసినాది."

"వద్దు," అంది. తిరగలేదు గాని బిందె కింద పెట్టేసింది. "నువ్వు చూడు. నీకు దాని మీద అంత పాశం లేదులే, నీ కన్ను దాన్నేమీ చెయ్యదు."

ఆ మాట అబద్ధమై అప్పటికే నెలలు గడిచిపోయాయి. ఆ సంగతి చెప్పానంటే నన్ను కూడా చూడనివ్వదు, ఇంక ఆ చెట్టును చూసేవాళ్ళే ఉండరు.

"ఎట్లుండాది చెప్పు. బాగా పచ్చగుండాదా?" అని అడిగింది, పలకలవైపే చూస్తూ.

"ఏదోలే," అన్నాను. "చెట్టు మాదిరి ఉండాది."